వాట్సాప్, ఈమెయిల్, బ్లాగు: చిన్న వ్యాపారి కబురుకు ఏ దారి మంచిది?

కిరాణా కొట్టువారు కొత్త సంవత్సరానికి ఇచ్చే క్యాలెండరు అందరి ఇళ్ళలోనూ ఉండేదే. తిథులు, వర్జ్యం, రాహుకాలం, సెలవులు అన్నీ అందులో ఉంటాయి. అడుగున కొట్టు పేరు, ఫోను నంబరు. పాల లెక్క దాని మీదే, గ్యాస్ బండ వచ్చిన తేదీ దాని మీదే. ఆ కొట్టు పేరు ఏడాది పొడవునా మన గోడకు వేలాడుతుంది, అయినా మనం విసుక్కోము. అదే కొట్టువారు ఆటోకు మైకు కట్టి తిప్పితే ఆ కేక వీధి మలుపు దాకానే వినిపిస్తుంది. ఇక మూడోది, బట్టల కొట్టువారు పాత ఖాతాదారుకు రాసే కార్డు: 'అమ్మాయి పెళ్ళి కుదిరిందని తెలిసింది, కొత్త సరుకు వచ్చింది, ఒకసారి దయచేయండి.'

ఈ మూడూ ఇప్పటికీ ఉన్నాయి. మైకు పని వాట్సాప్ చేస్తోంది, కార్డు పని ఈమెయిల్ ఉత్తరం, క్యాలెండరు పని బ్లాగు. మా పిన్ని పెట్టుకున్న నిలవ పచ్చళ్ళ వ్యాపారానికి కబుర్లు రాసిపెట్టడంతో మొదలై, తెలిసిన మరికొందరు చిన్న వ్యాపారులకు కూడా ఈ పని చేసిపెడుతున్నాను. అందరూ అడిగే ప్రశ్న ఒకటే: 'అందరి చేతిలోనూ వాట్సాప్ ఉంది కదా, మిగతావన్నీ ఎందుకు?' సబబైన ప్రశ్నే. కొందరికి నిజంగానే మిగతావి అక్కర్లేదు.

ముందు మీ మాట ఎన్నాళ్ళు నిలవ ఉంటుందో చూసుకోండి

'ఈ రోజు చేపలు దిగాయి' అనే మాట సాయంత్రానికి పాడైపోతుంది. 'కొత్తావకాయ కలుపుతున్నాం' అనేది రెండు వారాలు ఆగుతుంది. 'ఆవకాయకు బూజు ఎందుకు పడుతుంది' అనే ప్రశ్నకు జవాబు మాత్రం ప్రతి ఎండాకాలమూ పనికొస్తుంది. దారి ఎంచుకోవడానికి ఇంతకంటే మంచి కొలబద్ద నాకు దొరకలేదు. ఖర్చు, సాంకేతిక పరిజ్ఞానం, ఫ్యాషను అన్నీ దీని తరువాతే.

గత నెలలో కొనేవారికి ఫోనులోనో, కొట్లోనో చెప్పిన మాటలను ఒక కాగితం మీద రాసుకోండి. ధరలు, సరుకు వచ్చిన వార్త, వాడే పద్ధతి, ఫిర్యాదులకు జవాబులు, అన్నీ. ఒక్కోదాని పక్కన 'ఈ రోజు', 'ఈ నెల', 'ఎప్పుడూ' అని గుర్తు పెట్టండి. పిన్ని చేత ఈ పని చేయిస్తే సగానికి పైగా 'ఎప్పుడూ' కిందికే వచ్చాయి. అంటే ఆమె అవే జవాబులను రోజుకు పదిసార్లు ఫోనులో చెబుతోంది. కూరగాయల కొట్టువారు చేస్తే దాదాపు అన్నీ 'ఈ రోజు' కిందికే వస్తాయి. అలాంటివారు బ్లాగు జోలికి పోవద్దు, వాట్సాప్ చాలు.

వాట్సాప్: ఒకటి కాదు, అయిదు

వాట్సాప్ అనగానే ఒకే వస్తువు అనుకుంటాం. వ్యాపారికి అందులో కనీసం అయిదు దారులున్నాయి, వాటిని కలగాపులగం చేసుకోవడం వల్లే చాలామంది ఇబ్బంది పడుతున్నారు.

స్టేటస్ అన్నిటికంటే మర్యాదైనది. ఎవరి ఫోనూ మోగదు, ఇష్టమున్నవారే చూస్తారు, 24 గంటల్లో పోతుంది. 'ఈ రోజు' మాటలకు సరిగ్గా సరిపోతుంది. కొత్తగా మొదలుపెట్టేవారు నెల రోజులు స్టేటస్‌తోనే నడపండి. మీ మాటలు ఎవరు చూస్తున్నారో దానికదే తెలుస్తుంది.

బ్రాడ్‌కాస్ట్ జాబితాలో ఒకసారికి 256 మంది దాకా చేర్చవచ్చు. అందుకున్నవారికి అది విడిగా తమకే వచ్చినట్టు కనబడుతుంది. మెలిక ఒకటుంది: మీ నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికే ఆ సందేశం చేరుతుంది. 'మూడు వందల మందికి పంపాను, ఎవరూ పలకలేదు' అనేవారి కష్టంలో చాలాభాగం ఇక్కడే ఉంది. అందుకే సరుకు అందిన రోజున 'మా నంబరు దాచుకోండి, కొత్త సరుకు వచ్చినప్పుడు చెబుతాం' అని ఒక చీటీ పెట్టెలో వేయండి. ఆ చీటీకి అయ్యే ఖర్చు పైసల్లోనే, పనితనం మాత్రం ఏ ప్రకటనకూ తీసిపోదు.

గ్రూపు గురించి నా అభిప్రాయం కాస్త కటువుగానే ఉంటుంది. ఇరుగు పొరుగు, పిల్లల బడి, అపార్టుమెంటు సంఘం వంటివాటికి గ్రూపు సరే. కొనేవారితో గ్రూపు పెట్టడం అంటే కొట్టు తాళాలు బయట వేలాడదీయడమే. ఒకరి నంబరు మరొకరికి కనబడుతుంది. నాకు తెలిసిన చీరల వ్యాపారి ఒకావిడ గ్రూపులో, కొనడానికి వచ్చినట్టు చేరిన మరో వ్యాపారి రెండు రోజుల్లో అందరికీ విడివిడిగా తన ధరల పట్టిక పంపాడు. ఆమె నాలుగేళ్ళు కూడబెట్టుకున్న పరిచయాలవి. పైగా ఒకరు 'రంగు దిగింది' అని గ్రూపులో రాస్తే, కొనబోయే పదిమంది ఆగిపోతారు. ఫిర్యాదు వినాల్సిందే, కానీ నడిబజారులో కాదు.

చానల్ మన దేశంలోకి 2023 సెప్టెంబరులో వచ్చింది. ఎంతమందైనా చేరవచ్చు, ఒకరి నంబరు ఒకరికి కనబడదు. అయితే చేరినవారు మామూలు చాట్‌లోలా మాటల్లో జవాబు ఇవ్వలేరు, బొమ్మ గుర్తులు పెట్టగలరు. బేరసారాలతో నడిచే వ్యాపారానికి ఇది నోరు కట్టేసినట్టు ఉంటుంది. ధరలు రోజూ మారే బంగారం, పూలు, కోళ్ళ వంటి వ్యాపారాలకు మాత్రం బాగుంటుంది.

అయిదోది డబ్బు కట్టి వాడే వ్యాపార వేదిక. ముందుగా ఆమోదించిన నమూనా సందేశాలను వేలమందికి పంపవచ్చు. 2025 జూలై నుంచి ఒక్కో సందేశానికి లెక్కగట్టి వసూలు చేస్తున్నారు. వెయ్యి మంది కొనేవారు కూడా లేని కొట్టుకు దీని అవసరం నాకైతే కనబడదు.

2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ యాప్ మాత్రం ఉచితం. సొంత ఫోటోలు వచ్చే నంబరుకూ వ్యాపారానికీ తేడా చూపడానికి అదొక్కటి చాలు. అందులోని క్యాటలాగులో వస్తువు పేరు, బరువు, ధర పెట్టుకుంటే 'రేటు ఎంత' అనే ప్రశ్నలు సగం తగ్గుతాయి.

ఎస్సెమ్మెస్ గురించి క్లుప్తంగా

వ్యాపార సందేశాలు పెద్ద ఎత్తున పంపాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం టెలికాం సంస్థలు నడిపే డీఎల్‌టీ అనే నమోదు వేదికలో చేరాలి, పంపేవారి పేరుకు, సందేశం నమూనాకు అనుమతి తెచ్చుకోవాలి. పంపినవారి పేరు చివర ఈ మధ్య కనబడుతున్న పి, ఎస్, టి, జి అక్షరాలు అది ప్రచారమో, సేవా సమాచారమో, లావాదేవీయో, ప్రభుత్వ సందేశమో చెప్పడానికే. తెలుగులో రాస్తే ఇంకో చిక్కు. ఇంగ్లిషులో ఒక సందేశానికి 160 అక్షరాలు పడితే తెలుగులో 70 మాత్రమే. అందులోనూ ఒత్తులు, గుణింతాలు విడిగా లెక్కకు వస్తాయి. 'స్త్రీ' అనే ఒక్క అక్షరమే ఆరు. 'ఉగాది శుభాకాంక్షలు' అనేసరికి 18 అయిపోతాయి. ఆసుపత్రి, బడి, చిట్ ఫండ్ వంటివాటికి ఎస్సెమ్మెస్ అవసరమేమో గానీ చిన్న కొట్టు దీన్ని వదిలేయవచ్చు.

ఈమెయిల్ ఉత్తరం: అందరికీ కాదు, కొందరికి బంగారం

మన ఊళ్ళలో కొనేవారిలో చాలామందికి ఈమెయిల్ అంటే ఫోను కొన్నప్పుడు కొట్టువాడు తెరిచి ఇచ్చిన ఖాతా. దాని రహస్యపదం కూడా గుర్తుండదు. వారికి ఉత్తరాలు పంపడం ఎండిన చెరువులో వల వేయడమే. ఈ మాట ఒప్పుకున్నాకే ఈమెయిల్ గురించి మాట్లాడుకోవాలి.

మరి ఎవరు చదువుతారు? అమెరికాలో, ఆస్ట్రేలియాలో, గల్ఫ్‌లో ఉన్న తెలుగువారు. పొద్దున్నే కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగులు. బిల్లులు, కొటేషన్లు ఈమెయిల్‌లోనే నడిపే కార్యాలయాలు. మీరు ఆడిటరు అయినా, ఇంటీరియర్ పని చేసినా, కంపెనీలకు భోజనాలు సరఫరా చేసినా మీ ఖాతాదారు ఉన్నది అక్కడే. మా పిన్ని విషయంలో ఊళ్ళోవారికి వాట్సాప్, డాలస్‌లో ఉన్నవారికి ఈమెయిల్ అని తేలడానికి మాకు ఏడాది పట్టింది. మన పగలు వారికి రాత్రి. అర్ధరాత్రి ఫోను మోగితే విసుక్కునేవారే, శనివారం కాఫీ తాగుతూ ఉత్తరం తీరిగ్గా చదువుకుంటారు.

మామూలు జీమెయిల్ ఖాతా నుంచి రోజుకు 500 మందికి మించి పంపడం కుదరదు. వందమంది లోపు ఉంటే దానితోనే మొదలుపెట్టవచ్చు. అయితే చిరునామాలన్నీ పైవరుసలో పెట్టకండి. అందరి చిరునామాలూ అందరికీ తెలిసిపోతాయి. గుప్త ప్రతి వరుస, అంటే బీసీసీ, ఉన్నది అందుకే. వంద దాటాక ఉత్తరాలు పంపే సేవలు వాడుకోండి. బ్రెవో ఉచిత పథకంలో రోజుకు 300 పంపవచ్చు. మెయిల్‌చింప్ పాతకాపు. మన చెన్నై కంపెనీ జోహోకూ ఇలాంటి సేవ ఉంది. ఉచిత పథకాల హద్దులు తరచూ మారుతుంటాయి కాబట్టి ఏది ఎంచుకున్నా జాబితాను దించుకునే సౌకర్యం ఉందో లేదో ముందు చూడండి. లేకపోతే ఎంత అందంగా ఉన్నా వద్దు.

సొంత డొమైన్, అంటే మీ కొట్టు పేరుతో ఉండే ఇంటర్నెట్ చిరునామా, కొనాలా అని అడుగుతారు. ఈమెయిల్ ఉత్తరాలు పంపదలచుకుంటే కొనాలి. ఏడాదికి సుమారు వెయ్యి రూపాయల ఖర్చు. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ సంస్థలు పంపేవారి గుర్తింపును గట్టిగా పరిశీలిస్తున్నాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా పంపేవారికి నిబంధనలు మరీ కఠినం. మనం ఆ లెక్కలోకి రాకపోయినా ఎస్‌పీఎఫ్, డీకిమ్ అనే రెండు గుర్తింపు అమరికలు చేయించుకోవాలి. పేర్లు చూసి భయపడకండి, డొమైన్ అమ్మినవారి పేజీలో రెండు మూడు వరుసలు అతికించే పని. తెలిసిన కుర్రవాడికి అరగంట చాలు.

ఇక ఉత్తరం ఎలా ఉండాలి? నాకు వచ్చే వ్యాపార ఉత్తరాల్లో చాలావాటి మొదటి వాక్యం 'ప్రియమైన వినియోగదారులారా, నాణ్యతకు మారుపేరైన మా సంస్థ...' అని మొదలవుతుంది. అక్కడితో నా చదువు ఆగిపోతుంది. పిన్ని చేత రాయించిన ఉత్తరం ఇలా ఉంది: 'నిన్న కొత్తపల్లి కొబ్బరి మామిడికాయ వచ్చింది. ఈసారి టెంక గట్టిగా ఉంది, ముక్క మెత్తబడదు. ఈ వారం అరవై కిలోలే కలుపుతున్నాం. కావలసినవారు శుక్రవారంలోగా చెప్పండి.' నాలుగు వాక్యాలు. పొగడ్త లేదు. కాయ పేరు, పరిమాణం, గడువు ఉన్నాయి. చదివినవారికి నోరూరడానికి అంతకంటే ఏం కావాలి?

ఉత్తరాన్ని బొమ్మలతో, రంగుల పెట్టెలతో నింపవద్దు. ఒక ఉత్తరం 102 కిలోబైట్లు దాటితే జీమెయిల్ అడుగు భాగాన్ని కత్తిరించి చూపుతుంది. తెలుగు అక్షరం ఒక్కోటి మూడు బైట్లు తీసుకుంటుంది కాబట్టి మనకు ఆ హద్దు ఇంగ్లిషువారి కంటే త్వరగా వస్తుంది. ఒట్టి మాటలతో ఆ హద్దు ముట్టాలంటే పెద్ద కథే రాయాలి. ముంచేది ముస్తాబు కోసం వెనక చేరే కోడ్. కత్తిరింపుకు గురయ్యే అడుగు భాగంలోనే 'ఇకపై పంపవద్దు' అనే లింకు ఉంటుంది. అది కనబడకపోతే జనం ఉత్తరాన్ని చెత్తబుట్ట జాబితాలో, అంటే స్పామ్‌లో, వేస్తారు. అలా కొందరు వేసినా చాలు, మిగతావారికి పంపినవీ అటే పోవడం మొదలవుతుంది.

'ఎంతమంది తెరిచారు' అనే అంకెను నమ్మి సంబరపడకండి. 2021లో ఆపిల్ తన మెయిల్ యాప్‌లో తెచ్చిన గోప్యతా మార్పు వల్ల, చదవని ఉత్తరాలు కూడా తెరిచినట్టు లెక్కలోకి వస్తున్నాయి. విదేశాల్లో ఐఫోన్లు వాడేవారు మీ జాబితాలో ఎక్కువగా ఉంటే ఆ అంకెకు విలువే లేదు. జవాబులు ఎన్ని వచ్చాయి, ఆర్డర్లు ఎన్ని వచ్చాయి, ఆ రెండే లెక్కపెట్టుకోండి.

ఎన్నాళ్ళకొకటి పంపాలి అంటే, చెప్పడానికి మాట ఉన్నప్పుడు. నెలకొకటి అని ఒట్టు పెట్టుకుని మూడో నెలలో సుభాషితాలు పంపినవారిని చూశాను. నిలవ పచ్చళ్ళకు ఏడాదికి అయిదారు ఉత్తరాలు చాలు: ఆవకాయ, మాగాయ, గోంగూర, ఉసిరి, చింతకాయ, నిమ్మ. కాలాలే పట్టిక ఇచ్చేస్తున్నాయి.

బ్లాగు: ఆలస్యంగా పండే చెట్టు

బ్లాగుకు మొదటి ఆరు నెలలు ఎవరూ రారు. ఇది ముందే తెలుసుకుని దిగినవారే నిలుస్తారు. పిలిచి రప్పించడం బ్లాగు పని కాదు, వెతుక్కుంటూ వచ్చినవారికి కనబడడమే దాని పని. అందుకే మీ గురించి మీరు రాసుకునే వ్యాసాలు దండగ. 'మా సంస్థ ప్రస్థానం' అని గూగుల్‌లో ఎవరూ వెతకరు. 'ఆవకాయలో నూనె పైకి తేలలేదు, ఏం చేయాలి', 'మంగళగిరి చీర మొదటిసారి ఎలా ఉతకాలి', 'ఏసీ నుంచి నీళ్ళు కారుతున్నాయి' అని వెతుకుతారు. కాగితం మీద 'ఎప్పుడూ' అని గుర్తు పెట్టుకున్న మాటలే మీ వ్యాసాల పట్టిక. ఒక్కో ప్రశ్నకు ఒక్కో వ్యాసం, ఫోనులో చెప్పినట్టే రాయండి. ఆవకాయ అయితే మూడో రోజు తిరగ కలిపినప్పుడు ఊట ఎలా ఉండాలి, పప్పునూనె ఎంత పైకి నిలవాలి, తడి గరిటె ఎందుకు పెట్టకూడదు అన్నవి ఫోటోలతో చెబితే, సొంతంగా పెట్టుకునేవారు కూడా మీ పేరు గుర్తుంచుకుంటారు. మరుసటి ఏడాది ఓపిక లేనప్పుడు కొనేది మీ దగ్గరే.

తెలుగులో రాసేవారికి రెండు జాగ్రత్తలు. వ్యాసం తెలుగులోనే ఉండనివ్వండి, కానీ దాని లింకు చిరునామాను ఇంగ్లిషు అక్షరాల్లో పెట్టుకోండి. తెలుగులో ఉంటే వాట్సాప్‌లో పంచుకునేటప్పుడు అది శాతం గుర్తులతో బారెడు పొడవున సాగి, చూసినవారికి దొంగ లింకులా అనిపిస్తుంది. రెండోది, డీటీపీ సెంటరులో అను ఫాంట్లలో చేయించిన కరపత్రం మాటలను తెచ్చి బ్లాగులో అతికించకండి, పిచ్చి గీతలు కనబడతాయి. దాన్ని బొమ్మగా పెడితే చదవడానికి బాగానే ఉన్నా వెతుకులాటలో సరిగ్గా దొరకదు. యూనికోడ్‌లో, అంటే ఏ ఫోనులోనైనా కనబడే తెలుగు అక్షరాల్లో, మళ్ళీ టైపు చేయించాల్సిందే.

వేదిక సంగతి: బ్లాగర్ ఉచితం, పాతది, 2003 నుంచి గూగుల్ చేతిలో ఉంది. నెలకు రెండు వ్యాసాలు రాసేవారికి చాలు. వర్డ్‌ప్రెస్‌ను సొంత డొమైన్‌లో పెట్టుకుంటే కొట్టు, బ్లాగు ఒకేచోట ఉంటాయి, దాని బాగోగులు చూసే మనిషి కావాలి. సబ్‌స్టాక్‌లో రాసింది వ్యాసంగానూ ఉంటుంది, ఈమెయిల్‌గానూ వెళుతుంది. సలహాలు అమ్ముకునేవారికి, అంటే పన్నుల సలహాదారులు, సంగీతం టీచర్లు, పోషకాహార నిపుణులకు సబ్‌స్టాకే బాగుంటుంది. పచ్చళ్ళకు కాదు.

మరి ఎవరికి ఏది?

ఏసీ మరమ్మతు చేసేవారికి ఉత్తరాలు వద్దు. గూగుల్ మ్యాపులో కొట్టు వివరాలు సరిగ్గా పెట్టుకుని, ఏటా ఫిబ్రవరి నెలాఖరులో పాత ఖాతాదారులకు 'ఎండలు ముదరకముందే సర్వీసు చేయించుకోండి' అని ఒక్క వాట్సాప్ కబురు. అంతే. టిఫిను సెంటరుకు స్టేటస్ ఒక్కటే చాలు. చేనేత చీరల వారికి వాట్సాప్ క్యాటలాగు, నేత గురించి బ్లాగు, ఈ రెండూ కావాలి. ఎందుకంటే మరమగ్గం చీరకూ చేనేతకూ తేడా వివరించకుండా ధర ఒప్పించలేరు, ఆ వివరణ వాట్సాప్ సందేశంలో పట్టదు. ఆడిటరుకు ఈమెయిల్ తప్ప మరొకటి అక్కర్లేదు. రిటర్నుల గడువు గుర్తుచేసే ఉత్తరం వస్తే ఖాతాదారు దండం పెడతాడు. విదేశాలకు సరుకు పంపేవారికి మూడూ కావాలి, కాకపోతే ఒక్కొక్కటిగా, ఒకటి గాడిలో పడ్డాకే రెండోది.

ఏది ఎంచుకున్నా జాబితా మాత్రం మీ దగ్గర ఉండాలి. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు దాని మీదే అమ్మకాలు నడుపుకుంటున్నవారు రాత్రికి రాత్రి కొనేవారి చిరునామా లేకుండా మిగిలారు. గూగుల్ చిన్న వ్యాపారాలకు ఉచితంగా కట్టి ఇచ్చిన వెబ్‌సైట్లను 2024 మార్చిలో మూసేసింది. అద్దె కొట్టు ఎప్పుడైనా ఖాళీ చేయాల్సి రావచ్చు. పేరు, ఊరు, నంబరు, ఈమెయిల్, చివరిసారి కొన్నది, ఇవి మీ సొంత పుస్తకంలోనో, కంప్యూటర్ పట్టికలోనో ఉంచుకోండి.

ఆ పుస్తకంలోకి పేరు ఎక్కించే ముందు అడగండి. 'కొత్త సరుకు వచ్చినప్పుడు కబురు పంపమంటారా?' అంటే చాలు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం సమ్మతిని తప్పనిసరి చేస్తోంది, దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, అమలు దశలవారీగా. సమ్మతి కోరే నోటీసును ఇంగ్లిషులోనే కాక రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో, అంటే తెలుగులోనూ, చదువుకునే వీలు ఉండాలని ఆ చట్టమే చెబుతోంది. ఎక్కడో కొన్న నంబర్ల జాబితాకు సందేశాలు పంపడం ఎప్పుడూ మర్యాద కాదు, ఇక మీదట చట్టరీత్యా కూడా ప్రమాదమే.

మా పిన్ని ఈ మాటలన్నీ విని మొదట చేసిన పని ఈమెయిల్ ఖాతా తెరవడం కాదు, రెండు వందల పేజీల నోటుపుస్తకం కొనడం. ఫోనులోని పేర్లను వరుసగా అందులోకి ఎక్కిస్తోంది. ఒక్కో పేరు దగ్గర ఆగి, ఆ మనిషికి కారం ఎక్కువ కావాలో, వెల్లుల్లి పడదో కూడా పక్కన రాస్తోంది. మొన్న ఫోను చేస్తే 'మ' దాకా వచ్చానంది.